నాలుగు కార్ల కాపురం

భార్యాభర్తలు విడిపోవాలంటే కోర్టులున్నాయి. అన్నదమ్ములు విడిపోవాలంటే పెద్దమనుషులున్నారు. మనిషి తన కారుతో విడిపోవాలంటే ఎవరున్నారన్న ప్రశ్న మన దేశంలో చాలాకాలం ఎవరికీ తట్టలేదు. జెల్లాని కంపెనీవారికి తట్టింది. తట్టగానే వారొక విధానం రాసుకున్నారు. ఆ విధానానికి మొట్టమొదట చిక్కినవాడు మా బావ.

జెల్లాని అంటే ఇటలీవారి స్పోర్ట్స్ కారు. మనిషి నడుమంత ఎత్తుంటుంది, ఊరంత చప్పుడు చేస్తుంది. లోపల ఇద్దరికే చోటు. మా బావ భాస్కరవర్మగారికి భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులున్నాయి. చేతిలో నాలుగు డబ్బులు ఆడిన తొలిరోజుల్లో ఆయన ఎర్ర జెల్లాని ఒకటి కొన్నాడు. తరవాత పసుపుది, తరవాత నల్లది, మళ్ళీ ఎర్రది. ఒకటి ఇచ్చేసి ఒకటి తెచ్చుకోవడమే తప్ప ఇంకో కంపెనీ గుమ్మం తొక్కలేదు. నేను ఆయన భార్య సుభద్రకు తమ్ముణ్ణి. జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పి రిటైరయ్యాను. అందుచేత విధానం అన్న మాట వింటే నాకు ముందు గౌరవం కలుగుతుంది, తరవాతే అనుమానం వస్తుంది.

గంటకు మూడు వందల కిలోమీటర్లు పోగల ఆ కారు మా ఊళ్ళో మినీ వ్యాను వెనక నడిచేది. వ్యానులో ఇద్దరు మనుషులు, రెండు టేకు పలకలు ఉండేవి. స్పీడ్ బ్రేకరు రాగానే వ్యాను ఆగేది, మనుషులు దిగి పలకలు వేసేవారు, బావ వాటిమీదుగా కారును పాము పాకినట్టు పోనిచ్చేవాడు, పలకలు మళ్ళీ వ్యాను ఎక్కేవి. పక్కనుంచి సైకిళ్ళు దాటిపోయేవి. మా వైపు కుక్కనైనా 'అవతలికి దయచెయ్యండి' అనే మర్యాద ఉంది కనక ఎవరూ నవ్వేవారు కాదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేనూ ఊరుకునేవాణ్ణి.

అసలు బావకు వేగం మీద మోజు లేదు. ఆయనకు కావలసింది ఆ రెండే సీట్లు. వాళ్ళ ఇంట్లో పొద్దున లేస్తే మేత ఏజెంట్లు, చెరువుల మేనేజర్లు, చుట్టాలు, చుట్టాల తాలూకు చుట్టాలు. భార్యతో మాట్లాడాలంటే సంతలో నిలబడి మాట్లాడినట్టే. ఆదివారం తెల్లవారగానే మాత్రం అక్క ఫ్లాస్కులో కాఫీ పోసుకుని పక్క సీట్లో కూర్చునేది, ఇద్దరూ పేరుపాలెం బీచికి వెళ్ళి వచ్చేవారు. ఎవరైనా 'మేమూ వస్తామండి' అన్నా ఎక్కడ కూర్చోబెట్టగలరు? నాలుగు కార్లు మారాయి గాని ఆ ఆదివారం మారలేదు.

తరవాత అక్క మోకాళ్ళు అరిగాయి. జెల్లానిలో కూర్చోవడమంటే చాపమీద కూర్చోవడమే. కూర్చోవడం ఒక ఎత్తు, లేవడం ఇంకో ఎత్తు. చివరిసారి బీచిలో ఆవిడ లేవలేకపోతే చేపలమ్మే ఆడవాళ్ళు ముగ్గురు వచ్చి చేతులు పట్టి బయటికి లాగారు. అక్కడ నవ్వేసింది. ఇంటికొచ్చాక, 'ఇంక నేను రాలేనండి, మీరు వెళ్ళి రండి' అంది. బావ మరుసటి ఆదివారం ఒక్కడే వెళ్ళాడు. ఫ్లాస్కులో కాఫీ పోసింది పోసినట్టే తిరిగొచ్చింది. ఆ తరవాత వెళ్ళడం మానేశాడు. మనిషి దిగులుపడ్డాడు. దిగులని ఆయన చెప్పడు గాని రొయ్యల ధర పెరిగిందన్నా పలకకపోతే మాకు తెలియదా?

ఆ రోజుల్లో విజయవాడలో క్రోన్‌హార్ట్ అనే జర్మనీ కంపెనీవారి షోరూము తెరిచారు. అదీ స్పోర్ట్స్ కారే, అందులోనూ రెండే సీట్లు. కాని సీటు కుర్చీ ఎత్తున ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్ళి వస్తూ బావ అక్కను అందులో కూర్చోబెట్టాడు. కూర్చుంది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచింది. నమ్మకం కుదరక మళ్ళీ కూర్చుని మళ్ళీ లేచింది. బావ అక్కడికక్కడే, 'ఇది మాకు ఇచ్చెయ్యండి' అన్నాడు.

షోరూములో పెద్దాయన ఆనందంగా వివరాలు అడుగుతూ, ప్రస్తుతం ఏ కారు వాడుతున్నారన్నాడు. జెల్లాని అనగానే పెన్ను మూసేశాడు. జెల్లాని సభ్యులను వారి విశ్వాస విమోచన పత్రం లేకుండా చేర్చుకోకూడదని పెద్ద కంపెనీలన్నీ ఒప్పందం చేసుకున్నాయట. పైగా నడవడిక సంతృప్తికరం అని అందులో రాసి ఉండాలట. నాకు ఇందులో తప్పేమీ కనబడలేదు. టీసీ లేకుండా వచ్చిన పిల్లవాణ్ణి నేను ఏనాడైనా క్లాసులో కూర్చోబెట్టానా?

పత్రం ఇప్పించమని బావ జెల్లానివారికి ఫోను చేశాడు. మూడోనాడు హైదరాబాదు నుంచి చిద్విలాస్ అనే అనుబంధాల అధికారి ఒక పూలబుట్టతో దిగాడు. సూటు వేసుకున్నాడు. ముఖంలో చావు పరామర్శకు వచ్చినవాడి నెమ్మది ఉంది. పూలబుట్ట బావకు తెచ్చాడనుకున్నాం. నేరుగా షెడ్డులోకి వెళ్ళి కారు ముందు పెట్టి వచ్చాడు.

తాము కస్టమర్ అనే మాట వాడమనీ, మూడో కారు కొన్న వ్యక్తి విధానంలోని నాలుగో అధ్యాయం ప్రకారం కుటుంబ సభ్యుడు అయిపోతాడనీ అతను వివరించాడు. ఆ సంగతి తనకెవరూ చెప్పలేదన్నాడు బావ.

"అనుబంధం చెప్పి ఏర్పడదు కదా సార్," అన్నాడు చిద్విలాస్. "ఇంతకీ మీ మధ్య ఎడం ఎప్పుడు మొదలైంది?"

బావ చల్లకొచ్చి ముంత దాచే మనిషి కాదు. ఎడమేమీ లేదనీ, బండి బంగారంలాంటిదనీ, తన భార్యకు మోకాళ్ళ నొప్పులనీ ఉన్నదున్నట్టు చెప్పాడు. చిద్విలాస్ జాగ్రత్తగా విన్నాడు.

"మోకాళ్ళు సభ్యులవి కావన్నమాట."

"మా ఆవిడవండి."

"మేడంగారు సభ్యులు కారు, సహప్రయాణికులు. సహప్రయాణికుల అవయవాలు విధానం పరిధిలోకి రావు సార్. అంటే సాంకేతికంగా చూస్తే మీరు అకారణంగా విడిపోతున్నారు."

అకారణంగా విడిపోయేవారికి పునరాలోచన కాలం ఉంటుందట. ఆ కాలమంతా సభ్యుడు రోజూ కాసేపు కారుతో ఏకాంతంగా గడపాలి. ఏకాంతంగా గడుపుతున్నాడో లేదో చూడటానికి కంపెనీ ఒక పరిశీలకుణ్ణి పంపుతుంది. అతను వచ్చాడు. షెడ్డులో కారు, కారు ముందు కుర్చీలో బావ, బావ వెనక కుర్చీలో పరిశీలకుడు. సాయంత్రం అయ్యేసరికి మేత ఏజెంట్లు కూడా అక్కడికే వచ్చి కూర్చునేవారు. అక్క కుంటుకుంటూ అందరికీ పకోడీలు పంపేది. పరిశీలకుడు ఒళ్ళు చేశాడు. పక్షాల మధ్య మాటలు లేవనీ, అయితే శత్రుత్వమూ కనబడలేదనీ, వాతావరణం రుచికరంగా ఉందనీ అతను పైకి తెలియజేశాడు.

దాంతో కేసు రాజీ సంఘానికి వెళ్ళింది. హైదరాబాదులో ఒక పెద్ద హోటలు హాలులో సమావేశం. ఉభయపక్షాలూ తమ తరపు పెద్దలను తెచ్చుకోవాలన్నారు. బావ నన్ను తీసుకెళ్ళాడు. నాకున్నది స్కూటరు, అదీ చెల్లెలి కొడుకు ఎత్తుకుపోతే సగం రోజులు నడక. అయినా పెద్దమనిషినని పిలిచారు కదా అని కండువా వేసుకున్నాను. అక్క కూడా వచ్చింది. అక్కడి డాక్టరుకు మోకాళ్ళు చూపించి హోటలు గదిలో ఉండిపోయింది.

హాలు మధ్యలో బావ కారే ఉంది. లారీ మీద ముందే తెప్పించారట. ముఖమల్ గుడ్డ పరిచి, దానిమీద నిలబెట్టారు. కారు తరపున ముగ్గురు పెద్దలు. మొదటివారు జెల్లాని కుటుంబ సంఘం అధ్యక్షులు శతానందరెడ్డిగారు. అరవై అయిదు దాటిన భారీ మనిషి, హైదరాబాదు చుట్టూ వెంచర్లు వేసినవారు, ఇంట్లో ఆరు జెల్లానిలున్నవారు, చివరికి తీర్పు చెప్పేదీ వారే. రెండోవారు చిద్విలాస్. మూడోవారు కంపెనీ స్థాపించిన మహానుభావుడి మనవడు, ఇటలీలో తన తోటలో కూర్చుని తెరమీద కనబడుతున్నాడు. ఆయన మాటలను చిద్విలాస్ తెలుగు చేస్తాడు.

ముందుగా కారు వాదన విన్నారు. చిద్విలాస్ వెళ్ళి ఇంజను ఆన్ చేశాడు. హాలు దద్దరిల్లింది, కిటికీ అద్దాలు వణికాయి, పక్క హాలులో ఎవరిదో నిశ్చితార్థం ఆగిపోయింది. కాసేపటికి ఆపాడు.

"ఆవేదన నమోదు చేసుకున్నాం," అన్నారు రెడ్డిగారు.

తరవాత బావ తన సంగతి చెప్పాడు. ఆయనకు పెద్ద మాటలు రావు. ఆదివారం పూట మా ఆవిడ పక్కన కూర్చోవాలండి, అంతేనండి, అని కూర్చున్నాడు. నా వంతు వచ్చింది. రాజీ అంటే ఇరుపక్షాలూ తగ్గాలి గనక, కారు సీటును ఒక జానెడు పైకి లేపితే మా పక్షం అన్నీ ఉపసంహరించుకుంటుందని ప్రతిపాదించాను. చిద్విలాస్ నా మాటను మనవడికి అనువదించడానికి కూడా సాహసించలేదు. సీటు ఎత్తును స్థాపకులవారు స్వయంగా నిర్ణయించారనీ, మనిషి వెన్నెముక చివరి పూసతో రోడ్డును వినాలన్నది ఆయన సిద్ధాంతమనీ, ఆ ఎత్తు ముట్టుకోవడమంటే ఆయన ఆత్మను ముట్టుకోవడమేననీ రెడ్డిగారు గంభీరంగా తెలియజేశారు. నేను కండువా సర్దుకుని కూర్చున్నాను.

బదులుగా వారి ప్రతిపాదనలు వచ్చాయి. మేడంగారు వెనక మరో కారులో రావచ్చు, రెండు కార్లలోనూ వీడియో తెరలు బిగిస్తారు, దంపతులు ఒకరినొకరు చూసుకుంటూ బీచికి చేరవచ్చు. అది నచ్చకపోతే కంపెనీయే ఆదివారాలకు ఒక శిక్షణ పొందిన సహప్రయాణికురాలిని సమకూరుస్తుంది. మంచి మోకాళ్ళు గలవారినే ఎంపిక చేస్తారు. బావ నా ముఖం చూశాడు. నేను ఆవిడ తమ్ముణ్ణి కదా, పైకప్పు చూశాను.

రెండూ కుదరవని బావ అనేసరికి చిద్విలాస్ విధానంలోని చివరి అధ్యాయం తీశాడు. ప్రతి ఎడబాటు వెనకా ఒక మూడో వ్యక్తి ఉంటుంది, ఆ వ్యక్తిని విచారించనిదే విమోచన కుదరదు. ఈ కేసులో మూడో వ్యక్తి ఎవరని మనవడు తెరమీంచి అడిగాడు. చిద్విలాస్ కాసేపు ఆలోచించాడు. లెక్క ఎటు వేసినా ఒకటే జవాబు వచ్చింది. సభ్యుడికీ కారుకూ మధ్యన వచ్చిన మూడో మనిషి సభ్యుడి భార్య.

కబురు పెట్టారు. పెళ్ళయిన ముప్ఫై అయిదేళ్ళకు మా అక్క తన మొగుడి సంసారంలో మూడో మనిషి హోదాలో గోడ పట్టుకుని హాలులోకి వచ్చింది. పరాయి ఊళ్ళో పరాయివాళ్ళ ముందు ఆవిణ్ణి అలా నిలబెట్టినందుకు నాకు ఒళ్ళు మండింది. బావ లేచి తన కుర్చీ ఇచ్చాడు. ఆవిడ కూర్చుని అందరికీ నమస్కారం పెట్టింది.

మోకాళ్ళ సాకు వాస్తవమో కాదో తేల్చడానికి ఒకసారి కారులో కూర్చుని లేచి చూపించమన్నారు రెడ్డిగారు. ఎలా కూర్చోవాలో స్థాపకులవారు ఒక పద్ధతి చెప్పారనీ, దాన్ని పాటిస్తే ఏ వయసులోనైనా ఇబ్బంది ఉండదనీ అన్నారు.

"ఆ పద్ధతి నాకు తెలీదండి," అంది అక్క. "తమరు ఒకసారి కూర్చుని లేచి చూపిస్తే నేర్చుకుంటానండి."

అందులో వెటకారం లేదు. మా వైపు అండి అనే మాటలో వెటకారం ఉందో లేదో పైవాళ్ళు పోల్చలేరు, అది వేరే సంగతి. రెడ్డిగారు చిద్విలాస్ వైపు చూశారు. చిద్విలాస్ తలుపు తీసి పట్టుకున్నాడు. అధ్యక్షులవారు కుడికాలు లోపల పెట్టి, నడుము వంచి, తల దించి, మిగతా శరీరాన్ని భూమ్యాకర్షణకు వదిలేశారు. దబ్బుమన్న శబ్దంతో ప్రదర్శనలో మొదటి సగం పూర్తయింది.

రెండో సగం మొదలు కాలేదు. ఆయన స్టీరింగు పట్టుకుని ఒకసారి ఊగారు. తలుపు పట్టుకుని ఒకసారి ఊగారు. ముఖం ఎర్రబడింది. మామూలుగా ఆయన్ను లేపే డ్రైవరు కింద పార్కింగులో ఉన్నాడట. సాయం చేయబోయిన చిద్విలాస్‌ను చేత్తో వారించి, సభ ఇక్కణ్ణుంచే కొనసాగుతుందని ప్రకటించారు. అధ్యక్షుడు కింద ఉంటే తాను పైన నిలబడటం మర్యాద కాదని చిద్విలాస్ సూటుతో నేలమీద గొంతుక్కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ఇటలీలో మనవడికి తెరమీద తనవాళ్ళెవరూ కనబడక, సభ ముగిసిందా అని అడిగాడు.

అక్క తన కుర్చీ కారు దగ్గరికి జరిపించుకుంది. వేళాకోళానికి కాదు, జాలిపడింది. రోట్లో తల పెట్టినవాడి బాధ ఆవిడకు తెలిసినంతగా ఆ హాలులో ఎవరికి తెలుసు? చుట్టాన్ని పలకరించినట్టు, మీ ఇంట్లో ఆవిడ ఎలా కూర్చుంటారండి ఇందులో, అని అడిగింది.

రెడ్డిగారు స్టీరింగు వదిలేశారు. ఎదురుగా అద్దంలోంచి చూస్తూ ఉండిపోయారు.

"ఆమె ఎక్కది," అన్నారు చివరికి. ఆ మాటలో అధ్యక్షుడు లేడు. "గుళ్ళకు పోవాలంటే తమ్ముని కారుల పోతది."

"ఆరు బళ్ళున్నాయన్నారు కదండి."

"ఉన్నయి. అన్నిట్ల పక్క సీటు ఖాళీనే."

నాకు ఆయన మీద మండిన మంట కొంచెం చల్లారింది. బావ మాత్రం తెరవైపు తిరిగి, ఆ రోజు మొత్తం మీద తన సొంతంగా ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. స్థాపకులవారి ఇల్లాలు ఈ సీట్లో ఎలా కూర్చునేవారు అని.

చిద్విలాస్ నేలమీంచే అనువదించాడు. మనవడు చాలాసేపు నవ్వి ఏదో చెప్పాడు. చిద్విలాస్ ఆ జవాబు మింగేయాలని చూశాడు గాని రెడ్డిగారు అడిగేసరికి చెప్పక తప్పలేదు. నానమ్మగారు జీవితంలో ఒక్కసారి కూడా ఈ కారు ఎక్కలేదట. ఎక్కడికి వెళ్ళినా రైల్లో వెళ్ళేవారట. తాతగారు కారులో ముందే వెళ్ళి స్టేషను బయట ఎదురు చూసేవారట.

శతానందరెడ్డిగారు సీట్లో పడుకున్నట్టే ఉండి తీర్పు చెప్పారు. విమోచన మంజూరు, నడవడిక సంతృప్తికరం. మోకాళ్ళు పరిధిలోకి రావు గదా అని చిద్విలాస్ గుర్తు చేయబోతే, ముందు డ్రైవర్‌ను పిలువు అన్నారు.

విధానం అక్కడితో ఆగుతుందా? నెల తిరక్కుండా దానికి సవరణ వచ్చింది. ఇకమీదట జెల్లాని బుక్ చేసుకునేవారు దరఖాస్తుతోపాటు భార్య మోకాళ్ళ ఎక్స్‌రే జతచేయాలి. పెళ్ళికానివారు కాబోయే భార్య మోకాళ్ళకు పూచీ ఇవ్వాలి. క్రోన్‌హార్ట్‌వారు కూడా తక్కువ తినలేదు. తాళం చెవి ఇచ్చేముందు బావను జెండా కింద నిలబెట్టి, ఈ కంపెనీని విడిచి పరాయి కారు వైపు కన్నెత్తి చూడనని ప్రమాణం చేయించారు. బావ చేశాడు. అక్క పక్కనుంచి, నేను బాగున్నంతకాలం అని కలపమంది. అదీ కలిపాడు.

మొదటి ఆదివారం ఇద్దరూ పేరుపాలెం వెళ్ళి ఎండెక్కాక తిరిగొచ్చారు. నేను అరుగుమీద పేపరు చదువుకుంటున్నాను. అక్క తలుపు తానే తీసుకుని, కాళ్ళు రెండూ కింద పెట్టి, లేచి నిలబడి, చీర సర్దుకుని, నన్ను దాటి వంటింట్లోకి వెళ్ళిపోయింది. బావ ఆవిడ నడిచి వెళ్ళిన వైపే కాసేపు చూసి, నా పక్కన కూర్చుని నవ్వాడు. ఇంతలో ఆయన ఫోను మోగింది. స్పీకరులో పెట్టి మాట్లాడటం ఆయన అలవాటు. అవతల శతానందరెడ్డిగారు.

సంఘం పని మీద చేశారేమో, మళ్ళీ ఏ అధ్యాయం తీశారో అనుకుని నేను పేపరు మడిచాను. ఆయన యోగక్షేమాలు అడిగారు. రొయ్యల రేటు అడిగారు. భీమవరంలో వానలెలా ఉన్నాయన్నారు. ఆ తరవాత గొంతు తగ్గించారు.

"వర్మగారూ, ఒక ముచ్చట అడుగుత, ఏమనుకోకుండ్రి. ఆ కొత్త కారుల కూసుంటే ఆడోళ్ళ కాళ్ళు నేలకు ఆన్తయా?"

ఆన్తాయండి, శుభ్రంగా ఆన్తాయి, అన్నాడు బావ. చెల్లెమ్మగారు అడగమన్నారా అండి, అని కూడా అన్నాడు.

"లే," అన్నారు రెడ్డిగారు. "ఆమె అడుగుడు బంద్ చేసి ఆరేండ్లయింది. నేనే అడుగుతున్న."